నా థీసిస్ మా అన్నయ్య టెంట్లకే ఎసరు పెట్టేలా ఉంది, ఏం చేయను?

పాడేరు వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు రాశారు, చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఊరి పేరు, కొండ పేరు, యూనివర్సిటీ పేరు తీసేసి, సంగతి పోకుండా కుదించి పెడుతున్నాను.

ఆమె టూరిజం మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు, నాలుగో ఏడు నడుస్తోంది. టాపిక్ సుస్థిర పర్యాటకం, పర్యాటక ప్రాంతాల నిర్వహణ. ఫీల్డ్‌వర్క్‌కి ఎంచుకున్నది సొంత పంచాయతీనే. ఊరి వెనక కొండెక్కి తెల్లవారుజామున చూస్తే కింద లోయంతా మబ్బులు పరుచుకుని ఉంటాయి. ఆ వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా శని, ఆదివారాల్లో రాత్రి రెండు గంటల నుంచే జీపుల వరస. ఆమె అన్నయ్య మొదట నాలుగు టెంట్లు వేశాడు, ఇప్పుడు ముప్పై ఉన్నాయి. నాన్నకి ఆపరేషన్ ఆ డబ్బుతోనే అయింది, ఈమె హాస్టల్ ఫీజు కట్టిందీ ఆ డబ్బుతోనే.

"మొత్తం 384 మందితో ప్రశ్నాపత్రం నింపించాను మేడమ్. టూరిజం వల్ల మీ జీవితం బాగుపడిందా అంటే అందరూ ఐదుకి నాలుగో ఐదో వేశారు. మా పెద్దమ్మ వరసయ్యే ఆమె అల్లం తవ్వుతూ, 'నువ్వే ఏదో ఒకటి వేసుకో అమ్మా, నీ చదువుకి ఏది మంచిదైతే అది' అంది. నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాక అదే పెద్దమ్మ, 'ఊట నీళ్లు వాసనొస్తున్నాయి, పిల్లలకి విరేచనాలు, పైన టెంట్లవాళ్లు చెంబట్టుకుని ఎటు పోతారో నీకు తెలీదా' అంది." ఇలా కాగితం మడిచాక మాట్లాడినవాళ్లు 27 మంది. వాళ్ల మాటలన్నీ ఈమె ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. థీసిస్ గైడ్ గారేమో నోట్‌బుక్ పక్కన పెట్టు, స్మార్ట్ పీఎల్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మోడల్ రన్ చేయి, కొండ ఎంతమందిని మోయగలదో ఒక నంబర్ తేల్చు, ఈ ఏడు సబ్మిట్ చేసేద్దాం అంటున్నారు. అన్నయ్యకి సంగతి తెలిసి, "నా టెంట్లు పీకించడానికా నిన్ను చదివించింది" అన్నాడు. రెండు నెలలుగా మాటల్లేవు. "అన్నయ్య సంగతి దాచేయాలా, ఊరు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాలా, గైడ్ చెప్పినట్టు నంబర్ రాసేసి బయటపడాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా, అన్నయ్య గొడవ, గైడ్ గొడవ, నీళ్ల గొడవ మీకు ఒకే ముడిగా పడిపోయాయి. మీరు అన్నయ్య వైపు నుంచి విప్పాలని చూస్తున్నారు, అందుకే అది ఇంకా బిగుసుకుంటోంది. నేను నీళ్ల వైపు నుంచి మొదలుపెడతాను.

ఆరు పేజీల్లో ఊట నీళ్ల మాట ఎన్నిసార్లు వచ్చిందో మీరే చూసుకోండి. ఆ నీళ్లని పరీక్ష చేయించినట్టు మాత్రం ఒక్క చోటా లేదు. అంటే మీ మనసులో అన్నయ్య మీద తీర్పు ఎప్పుడో అయిపోయింది, సాక్ష్యం ఇంకా రాలేదు. పెద్దమ్మ అబద్ధం చెప్పిందని కాదు, ఆమె చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కొండ మీద ముప్పై టెంట్లు, మరుగుదొడ్డి ఒక్కటీ లేకపోతే కింద ఊటకి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కానీ మన్యంలో వానాకాలం వచ్చిందంటే టూరిస్టు లేని ఊట కూడా చెడిపోతుంది, పశువులు పైన మేస్తాయి, పైపు జాయింట్లు లీకవుతాయి. పిల్లల విరేచనాలు ఏ నెలలో ఎక్కువో మీరు రాయలేదు. అవి ఆగస్టులో ఎక్కువై జనవరిలో తక్కువుంటే కథ ఒకటి, సీజన్‌తో పాటు పెరిగితే కథ ఇంకొకటి.

దీనికి పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. తాగునీటి పరీక్షకి వాడే హెచ్‌టూఎస్ సీసాలు ఉంటాయి, అరచేతిలో పట్టే చిన్న సీసా, గీత దాకా నీళ్లు నింపి మూత బిగించి వెచ్చగా ఒక పక్కన పెడితే, నీళ్లలో మలం కలిసిన సూచన ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారిపోతుంది. ఎవరికీ వివరించి చెప్పే పని లేదు, పెద్దమ్మకీ కనిపిస్తుంది, అన్నయ్యకీ కనిపిస్తుంది. సీజన్ మొదలు కాకముందు ఒకసారి, నడి సీజన్‌లో సోమవారం పొద్దున ఒకసారి, అయిపోయాక ఒకసారి నింపండి. టెంట్లు లేని వేరే కొండ కింద ఊట నుంచి కూడా అవే రోజుల్లో నింపండి, ఆ రెండో ఊట లేకపోతే మీ మొదటి ఊట ఏమీ రుజువు చేయలేదు. సీసా ఎంత నల్లబడిందన్నది కొలత కాదు కాబట్టి, అంకెల కోసం రెండు మూడు నమూనాలు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌కి పంపండి.

ఇంకొకటి. సీసా నింపడానికి అన్నయ్యని పిలవండి. రెండు నెలలుగా మాటల్లేవని తెలుసు. "నీ మీద రాస్తున్నాను" అని వెళ్తే తలుపు వేసుకుంటాడు, "నీ టెంట్ల వల్లో కాదో తేల్చుకుందాం, నువ్వూ ఉండు" అంటే వినే అవకాశం ఉంది. వినకపోవచ్చు కూడా. అయినా పిలిచినట్టు అవుతుంది, అది రేపు మీ ఇద్దరి మధ్యా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు మీ 384. ఎంత జనాభాకి ఎంతమందిని అడిగితే చాలో చెబుతూ క్రెజ్సీ, మోర్గాన్ 1970లో వేసిన పట్టికలోది ఈ అంకె, మన దగ్గర మేనేజ్‌మెంట్ థీసిస్ తెరిస్తే పదింట్లో ఎన్నింట్లో ఇదే ఉంటుందో చెప్పలేను. అది పది లక్షల జనాభాకి ఇచ్చిన అంకె. ఐదు వేల జనాభాకి అదే పట్టిక 357 అంటుంది, వెయ్యికి 278. అంటే మీకు మనుషులు తక్కువ పడలేదు. తేడా వచ్చింది జవాబులో. చదువుకుంటున్న మన ఊరి ఆడపిల్ల కాగితం పట్టుకుని వచ్చి అడిగితే ఎవరు రెండు వేస్తారు? అది మర్యాద జవాబు. ఆ మర్యాదనంతా స్మార్ట్ పీఎల్ఎస్‌లో పోస్తే బాణాలు, నక్షత్రాలు అన్నీ అందంగానే వస్తాయి, స్థానికులు పర్యాటకాన్ని బలంగా సమర్థిస్తున్నారు అని తేలుతుంది, ఎగ్జామినర్ కూడా తల ఊపొచ్చు. పెద్దమ్మ మాత్రం అదే ఊట నీళ్లు తాగుతూ ఉంటుంది.

అందుకని ఆ ప్రశ్నాపత్రాలు పారేయమనను. మోడల్ రన్ చేసే ముందు వాటిని ఒక్కసారి చేత్తో తిరగేయండి. మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా ఒకే అంకె వేసినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. టూరిజం మీద ఇంటి ఆదాయం ఆధారపడినవాళ్లు, ఆధారపడనివాళ్లు విడివిడిగా ఎలా వేశారో చూడండి. కొండ కింద ఊట తాగే వీధి, బోరు నీళ్లు తాగే వీధి వేరు చేయండి. తర్వాత నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టండి. కాగితం మీద నాలుగు, కాగితం మడిచాక ఊట నీళ్లు, ఈ రెండింటి మధ్య దూరమే మీ థీసిస్ అని నాకు అనిపిస్తోంది. డాక్సీ అనే పర్యాటక పరిశోధకుడు 1975లోనే చెప్పాడు, పర్యాటకుల్ని చూసి ఊరు మొదట మురిసిపోతుంది, తర్వాత పట్టించుకోదు, తర్వాత విసుక్కుంటుంది, చివరికి ఎదురు తిరుగుతుంది అని. మీ ఊళ్లో ఒకే మనిషిలో ఒకే పూట మురిపెం, విసుగు రెండూ ఉన్నాయి, పైకి చెప్పేది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. దీన్ని అంత దగ్గర్నుంచి చూడటం బయటి నుంచి వచ్చిన పరిశోధకుడి వల్ల కాదు.

కానీ ఒక అడ్డం ఉంది, దాన్ని దాటకుండా నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం కూడా వాడొద్దు. ఆ 27 మంది మాట్లాడింది పరిశోధకురాలితో కాదు, తమ పిల్లతో. కాగితం మడిచాక చెప్పారంటేనే అది కాగితం మీదికి ఎక్కకూడదని వాళ్లు అనుకున్నట్టు. మళ్లీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "ఆ రోజు మీరు ఇలా అన్నారు, పేరు లేకుండా రాసుకోవచ్చా" అని అడగాలి. కొందరు వద్దంటారు. పదిహేను మందే మిగలొచ్చు. ఆ పదిహేను చాలు. యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఉంటే ఈ మార్పు వాళ్లకీ చెప్పి అనుమతి తీసుకోండి.

గైడ్ గారి నంబర్ సంగతి. మీరు ఆయన మీద కోపంగా ఉన్నారు, ఆ కోపం నాకు అర్థమవుతోంది, కానీ ఆయన అడిగేది పనికిమాలినది కాదు. లెక్క ఎలా వస్తుందో చూడండి. ఒక చోటు ఎంతమందిని మోయగలదో తేల్చడానికి సిఫుయెంటెస్ అనే పరిశోధకుడు 1992లో చెప్పిన పద్ధతిలో మొదటి మెట్టు, స్థలం ఎంత, మనిషికి ఎంత చోటు, రోజులో ఎన్ని విడతలు. ఊరికే ఉదాహరణకి, శిఖరం మీద నిలబడే చోటు 2,000 చదరపు మీటర్లు అనుకోండి. మనిషికి 4 చదరపు మీటర్లు అంటే 500 మంది. 2 చదరపు మీటర్లు చాలనుకుంటే 1,000. కొండ మారలేదు, మనం పెట్టుకున్న అంకె మారింది. తర్వాతి మెట్లలో వాన, వాలు, సిబ్బంది లాంటివన్నీ కోస్తూ పోతారు, అక్కడా ప్రతి కోతకీ ఎవరో ఒకరు ఎంత అన్నది నిర్ణయించాలి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు ఈ చిక్కుతోనే 1985లో ప్రశ్న మార్చారు, ఎంతమంది పట్టగలరు అని కాదు, ఎంత మార్పు వరకు ఒప్పుకుంటాం అని. మీ ఊళ్లో ఆ ప్రశ్న, ఊట సీసా ఎన్నిసార్లు నల్లబడితే ఇక చాలు అనుకుంటాం, జీపుల మోత ఎన్ని రాత్రులు భరిస్తాం, వలిసె చేలు ఫొటోల కోసం ఎంత మేర తొక్కనిస్తాం అన్నట్టు ఉంటుంది.

నంబర్ అసలు వద్దని కూడా అనను. ఊటీ, కొడైకెనాల్ చూడండి. మద్రాసు హైకోర్టు 2024 మేలో ఈ-పాస్ పెట్టించింది, 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బళ్లు, శని ఆదివారాల్లో 8,000, కొడైకెనాల్‌కి 4,000, 6,000 అని పరిమితి పెట్టింది. నీలగిరి వ్యాపారులు దీని మీద నిరసన తెలిపారు. అంటే నంబర్ వచ్చిన రోజు నుంచి దాని మీద ఎవరి జీతం, ఎవరి అద్దె ఆధారపడి ఉందో వాళ్లంతా లేచి నిలబడతారు. మీ అన్నయ్య కూడా లేస్తాడు. కాబట్టి మీరు ఒకే అంకె ఇవ్వకండి, పట్టిక ఇవ్వండి, ఇన్ని మరుగుదొడ్లుంటే ఇంతమంది, చెత్త కిందికి మోసే ఏర్పాటుంటే ఇంతమంది, ఏమీ లేకపోతే ఇంతే అని. గైడ్ గారికి కావలసిన చాప్టర్ ఆయనకి దొరుకుతుంది, మీరు అబద్ధం రాయక్కర్లేదు. ఆరు నెలలకోసారి జరిగే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ మీటింగ్‌లో దీన్ని పెట్టండి, గైడ్‌తో ముందే మాట్లాడి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఆయన వెనక నుంచి కమిటీకి వెళ్లొద్దు, తర్వాత సంతకాలన్నీ ఆయన దగ్గరే ఆగుతాయి.

ఇక అన్నయ్య. బట్లర్ అనే పరిశోధకుడు 1980లో రాసిన పర్యాటక ప్రాంతం జీవిత చక్రం మీరు రెండో చాప్టర్‌లో తప్పకుండా రాసే ఉంటారు, అందరూ రాస్తారు. అందులో రెండో దశ ఏమిటి? ఊరివాళ్లే సొంతంగా గది ఇవ్వడం, అన్నం పెట్టడం. అది మీ అన్నయ్యే. మూడో దశలో ఊరి చేతిలో పట్టు జారిపోతుంది, బయటి పెట్టుబడి వస్తుంది. మీరు అన్నయ్యని దోషిగా చూస్తున్నారు, నేను ఆయన్ని అంచు మీద నిలబడ్డ మనిషిలా చూస్తున్నాను. 1/70 చట్టం ఉంది, ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనలేరు, నిజమే. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కితే ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు అన్న సంగతి మీ ప్రాంతంలో పెద్దవాళ్లందరికీ గుర్తే. కానీ పట్టా మనవాళ్లది, పెట్టుబడి మైదానం వాళ్లది అనే పద్ధతి ఎలా నడుస్తుందో కూడా మీకు నాకంటే బాగా తెలుసు. కొండ మీద చెత్త, నీళ్ల గొడవ పెరిగి ఒకరోజు అధికారులు అన్నీ తీసేయించారనుకోండి, తర్వాత పద్ధతిగా నడుపుతామంటూ వచ్చేది ముప్పై టెంట్ల మనిషి కాదు.

అన్నయ్య భయం ఉత్త భయం కాదు. ఫిలిప్పీన్స్‌లో బొరాకే దీవిని మురుగు సముద్రంలోకి పోతోందని 2018 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆరు నెలలు పూర్తిగా మూసేశారు, దాని మీద బతికే వేలమందికి పని పోయింది. థాయ్‌లాండ్‌లో మాయా బే అదే ఏడు మూసి, 2022 జనవరిలో తెరిచారు. ఈసారి పడవలు బీచ్‌లోకి రాకుండా దీవి వెనక ఆపి, విడతకి ఇంతమందే అని పెట్టారు. మూసినన్నాళ్లలో అక్కడికి సొరచేపలు తిరిగొచ్చాయి. మూసేయడం ఒక్కటే ఫలితం కాదు, కానీ ఎవరూ ముందు కదలకపోతే చివరికి మూసివేత దగ్గరికే వస్తుంది. ఈ మాట అన్నయ్యకి మీరు చెప్పాలి, థీసిస్ భాషలో కాదు.

థీసిస్‌లో ఆయన్ని దాచే విషయం. దాస్తే ఏమవుతుందో ముందే చూసుకోండి. రేపు థీసిస్ శోధ్‌గంగలోకి, అంటే థీసిస్‌లన్నీ ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కుతుంది, ఎవరైనా చదవొచ్చు. ఊళ్లో ముప్పై టెంట్లు ఎవరివో పసిపిల్లాడు చెప్తాడు, మీ ఇంటిపేరు అట్టమీదే ఉంటుంది. వైవాలో ఒక్కరు అడిగితే అప్పటిదాకా రాసిందంతా అనుమానంలో పడుతుంది. ఒప్పుకుని రాస్తే, పద్ధతి చెప్పే చాప్టర్‌లో ఒక పేజీ, ఈ పరిశోధకురాలు ఈ ఊరి మనిషి, ఆమె ఇంటికి పర్యాటకం ఆదాయం ఉంది, అందువల్ల ఏం తెలిసింది, ఏం తెలియకుండా పోయింది అని. కొందరు ఎగ్జామినర్లు పెదవి విరవొచ్చు, ఇప్పుడు సామాజిక శాస్త్రాల్లో ఇది చాలామంది రాస్తున్నారు. అన్నయ్య టెంట్లని విడిగా చూపకుండా పంచాయతీ మొత్తం మీద ఇన్ని టెంట్లు అని కలిపి రాయండి, ఊరి పేరు మార్చండి, కొండ ఫొటోలు పెట్టకండి, ఆ మబ్బుల ఫొటో ఒక్కటి చాలు ఏ ఊరో తెలిసిపోవడానికి. నేను ఉత్తరంలో పేర్లు తీసేసింది కూడా అందుకే. అప్పటికీ ఊళ్లోవాళ్లు మాత్రం గుర్తుపడతారు, దానికి మందు లేదు. అందుకే సబ్మిట్ చేసే ముందు ఆ పేజీలు అన్నయ్యకి చదివి వినిపించండి. మార్చే హక్కు ఇవ్వమని కాదు, తప్పుంటే చెప్పే అవకాశం ఇవ్వమని.

ఊరు మార్చుకుంటారా, అదీ ఒక దారే. మారేడుమిల్లి వైపు అటవీశాఖ వన సంరక్షణ సమితులతో కలిసి నడిపించే పర్యాటకం ఉంది, లంబసింగి ఉంది. ఇంట్లో గొడవ సద్దుమణుగుతుంది. కానీ నాలుగో ఏట కొత్త చోటు అంటే కనీసం ఇంకో ఏడాదిన్నర. 2022 యూజీసీ నిబంధనల్లో గరిష్ఠం ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది, కాబట్టి కాలం చాలుతుంది. ఫెలోషిప్ మాత్రం అంతవరకు రాదు, అప్పుడు హాస్టల్ ఫీజు ఎవరు కడతారు? మళ్లీ అన్నయ్య టెంట్లే. ఇది మాత్రం బాగా ఆలోచించుకోండి. మనసు పూర్తిగా విరిగిపోయి ఆ ఊరు చూడలేని స్థితి ఉంటే మాత్రం డబ్బు లెక్క చూడకుండా మార్చేయండి, ఎవరేమన్నా సరే.

మీ గ్రామసభ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు, అది నన్ను ఆశ్చర్యపరిచింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్‌లో, నీటి వనరుల్ని, వాటి పరివాహక ప్రాంతాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి రాసిపెట్టి ఉంది. టెంట్లు ఊటకి ఎంత దూరంలో ఉండాలి, మరుగుదొడ్డి ఎవరు కట్టాలి, బండికి ఎంత వసూలు చేసి ఏం చేయాలి, ఇవి మీ థీసిస్ చివరి చాప్టర్‌లో సూచనలుగా రాసి వదిలేసే సంగతులు కావు, ఆ సభలో మాట్లాడాల్సినవి. మీరు తీర్పు చెప్పకండి, సీసాలు పెట్టి కూర్చోండి. మాట ఒకసారి తెలుగులో, ఒకసారి మీ ఇంటి భాషలో చెప్పండి. అక్కడ గొడవ జరగొచ్చు, అన్నయ్య లేచి వెళ్లిపోవచ్చు, లేదా టెంట్లున్నవాళ్లంతా కలిసి రెండు మరుగుదొడ్లు కడదామని తేలొచ్చు, ఏది జరిగినా అది మీ పరిశోధనలో రాసుకునే విషయమే.

సీజన్ దగ్గరికొచ్చేసింది. జీపులు మొదలయ్యాక మొదటి సీసా నింపితే పోల్చడానికి ఏమీ ఉండదు, ఇంకో ఏడు ఆగాలి. ఈ వారంలోనే మండలంలో నీటి సరఫరా ఆఫీసుకి వెళ్లి సీసాలు అడగండి, ఆరు తీసుకోండి, మూడు మీ ఊటకి, మూడు పక్క కొండ ఊటకి.